సంచిలో వేరు, దొడ్లో దిబ్బ

శ్రోతలకు నమస్కారం.

తొలకరి పడిందంటే కడియం, కడియపులంక, వేమగిరి వైపు రోడ్ల మీద మొక్కలెక్కించుకున్న ఆటోలు కనిపిస్తాయి. ఒక మామిడి అంటు, ఒక సపోటా, జామ, నిమ్మ, రెండు కొబ్బరి మొక్కలు. ఆషాఢంలో దొడ్లో పాతిన ఆ మొక్క భాద్రపదం వచ్చేసరికి ఆకు పసుపు తిరిగి, చిగురు వాడి కనిపిస్తుంది. నీళ్లు చాల్లేదేమోనని ఇంకో రెండు బిందెలు పోస్తాం. మన గోదావరి డెల్టాలో చాలాసార్లు అదే దానికి చివరి దెబ్బ. వేళ్లు నీళ్లలో నాని, గాలాడక కుళ్లిపోయి ఉంటాయి. కుళ్లిన వేరు నీటిని పైకి ఎక్కించలేదు, అందుకని ఆకు వాడుతుంది. చూసేవాళ్లకు దాహంలాగే ఉంటుంది.

ముందు నర్సరీ సంగతి. అక్కడ అడుగుపెట్టగానే చూపు ఆకుల మీదకీ కాయల మీదకీ పోతుంది. సంచిలో ఉండగానే కాయ వేలాడుతున్న మామిడి అంటును ఇష్టపడి కొనేవాళ్లు ఎందరో. అంటు కట్టడానికి తెచ్చిన కొమ్మ కాపుకొచ్చిన చెట్టుది కాబట్టి అది సంచిలోనూ పూస్తుంది, కాస్తుంది. ఆ కాయ మొక్క బలానికి గుర్తు కానే కాదు. వేరు పెరగడానికి పోవలసిన తిండి కాయ తినేస్తోంది. అలాంటి మొక్క కొన్నా, ఇంటికి రాగానే ఆ కాయ తుంచేయండి. తర్వాత మూడేళ్లూ పూత గిల్లేయాలి.

చూపు పెట్టవలసింది సంచి అడుగున. సంచిని పక్కకు వంచి కింద చూడండి. అడుగు రంధ్రాల్లోంచి లావుపాటి వేరు బయటికొచ్చి తెగి ఉంటే, ఆ మొక్క ఎన్నాళ్లో కదపకుండా ఒకే చోట ఉండి నేలలోకి వేరు దించిందన్నమాట. మీకోసం పీకినప్పుడు ఆ తల్లివేరు తెగింది. నాలుగు రోజులు పచ్చగానే ఉండి ఆ తర్వాత వాడుతుంది. దీనికి ఎదురు ఇంకొకటి ఉంది. చిన్న సంచిలోని మొక్కను పెద్ద సంచిలోకి మార్చి, వారం తిరక్కముందే పెద్ద మొక్క ధరకు అమ్మడం. మొదలు పట్టుకుని అటూ ఇటూ మెల్లగా కదపండి. మట్టితో పాటు కదిలితే వేరు పట్టినట్టు. మట్టి కదలకుండా మొదలొక్కటే ఊగిసలాడితే ఇంకా పట్టలేదు. అది వద్దు.

తర్వాత అతుకు చూడాలి. మామిడి అంటులో కిందది టెంక మొక్క, పైది మనకు కావలసిన రకం. సపోటానైతే పాల మొక్క మీద కడతారు. అతుకు దగ్గర చిన్న బుడిపె, కింద పైన బెరడులో తేడా వేలికి తెలుస్తాయి. టేపు చుట్టి ఉన్నంత మాత్రాన అంటు అయిపోదు. అతుకు పైన కనీసం రెండు విడతలు చిగురేసి, ఆకు ముదిరి ఉండాలి. ఒకే విడత లేత చిగురున్నది ఇంకా సరిగా అతుక్కోలేదనే లెక్క. నిమ్మ, దానిమ్మ లాంటివి గాలి అంట్లు, అంటే చెట్టు మీదుండగానే కొమ్మకు వేరు పట్టించి కోసినవి అయితే వాటికి తల్లివేరే ఉండదు. మొక్క మంచిదే, కానీ గాలికి నిలవాలంటే రెండేళ్లు ఊతకర్ర తప్పదు.

చిన్న నర్సరీకి వెళ్లడంలో ఒక లాభం ఉంది. కట్టిన మనిషే అమ్ముతాడు. ఈ కొత్తపల్లి కొబ్బరి మామిడి కొమ్మ ఏ చెట్టుది, ఏ నెలలో కట్టారు అని అడగండి. కుదిరితే తల్లి చెట్టును చూపించమనండి. బంగినపల్లికీ కలెక్టరుకీ సంచిలో ఉన్నప్పుడు తేడా పట్టడం కొనేవాళ్ల వల్ల కాదు. కాబట్టి రకం పేరు చీటీ మీద రాయించుకోండి.

కొబ్బరి లెక్క వేరు. తొమ్మిది నుంచి పన్నెండు నెలల వయసు, ఆరు ఆకులు, మొదలు చుట్టుకొలత నాలుగు అంగుళాలు. ఆకు తొందరగా ఈనెలుగా చీలిన మొక్కనే ఏరుకోండి, అది చురుకైనది. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో, మన దేశవాళీ పొడుగు రకాన్ని గంగబొండం అనే పొట్టి రకంతో సంకరపరచి గోదావరి గంగ అనే రకం తయారుచేశారు. ఆ చెట్టు కాయను మళ్లీ మొలకెత్తించి నాటితే అదే గుణం రాదు, ఒక్కో మొక్క ఒక్కో రకంగా పోతుంది. ఎవరో దొడ్లో కాసిన గోదావరి గంగ కాయ మొలకకు డబ్బు పెట్టొద్దు.

తెచ్చేటప్పుడు మొదలు పట్టి ఎత్తకండి, సంచి కింద చెయ్యి వేయండి. ఆటోలో గాలికి ఆకు ఎండిపోకుండా తడి గోనెసంచి కప్పండి. పచ్చ వల నీడలో పెరిగిన మొక్కను వారం, పది రోజులు చెట్టు నీడన ఉంచి, మెల్లగా ఎండకు అలవాటు చేయాలి.

ఇక గొయ్యి. మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు అనే లెక్క మెరక నేలలకు. లంక భూముల్లోని ఇసుక ఒండ్రులోనూ పనికొస్తుంది. నల్ల బంకమట్టిలో తడిగా ఉన్నప్పుడు గొయ్యి తీస్తే, పార అంచు తగిలిన చోటల్లా గోడ నున్నగా, నూనె రాసిన కుండ లోపలిలా మెరుస్తుంది. అదే చిక్కు. ఆ గోడలోంచి నీరు దిగదు, లేత వేరు దూరదు. అందులో ఇసుకా ఎర్రమట్టీ నింపితే ఇంకా చేటు. చుట్టుపక్కల వాననీరంతా ఆ గుల్ల మట్టిలోకి చేరి నిలిచిపోతుంది. అందుకని గొయ్యి తీశాక నాలుగు బిందెలు నీళ్లు పోసి, మర్నాడు అదే వేళకు చూడండి. నీరు ఇంకా కనిపించినా, రెండడుగుల్లోనే ఊట వచ్చినా అక్కడ గొయ్యి పెట్టొద్దు, దిబ్బ వేయండి.

దిబ్బంటే నేలకు అడుగున్నర ఎత్తు, ఐదడుగుల వెడల్పు. కింద నేలను ఒక అడుగు లోతు గునపంతో పెకలించి గుల్ల చేసి, ఆ దొడ్డి మట్టినే పైన పోయాలి. అందులో రెండు తట్టల బాగా మాగిన పశువుల ఎరువు, కిలో వేపపిండి, కిలో సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ కలపండి. మాగని పెంట వద్దే వద్దు. వేడికి వేరు మాడుతుంది, చెదలు పడుతుంది. కోనసీమలోనైతే కొబ్బరి మొవ్వును తొలిచే కొమ్ముపురుగు గుడ్లు పెట్టేది ఆ పెంటలోనే. నాటడానికి పదిహేను రోజుల ముందే దిబ్బ వేసి కుదురుకోనివ్వాలి.

నాటేది సాయంత్రం పూట. సంచిని బ్లేడుతో నిలువునా కోసి తీయండి, లాగొద్దు. మట్టిముద్ద అడుగున వేళ్లు చుట్ట చుట్టుకుని ఉంటే ఆ చుట్టను అంగుళం మేర కోసేయండి. కోయకపోతే చెట్టు పెద్దయినా వేరు అక్కడే తిరుగుతూ ఉంటుంది, తుఫానుకు మొదలంటా ఒరుగుతుంది. ముద్ద పైభాగం దిబ్బ మట్టికి రెండు అంగుళాలు ఎత్తున ఉండాలి, మట్టి కుదురుకున్నాక సమానమవుతుంది. అతుకు నేలకు బెత్తెడుపైనే ఉండాలి. తడి బంకమట్టిని కాలితో తొక్కొద్దు, గట్టిపడి ఇటుకైపోతుంది. వాన పడుతున్నా సరే ఆ పూట ఒక బిందె నీళ్లు పోయండి, వేళ్ల చుట్టూ ఖాళీలు పూడుకుంటాయి. మొదలు చుట్టూ బెత్తెడు వదిలి కొబ్బరి డొక్కలు గానీ ఎండుగడ్డి గానీ పరవండి.

మామిడికి ముప్పై అడుగులు, కొబ్బరికి ఇరవై ఐదు, జామకు పదిహేను దూరం వదలాలి. సముద్రం దగ్గర ఊళ్లలో బోరు నీరు ఉప్పగా ఉంటే మామిడి, నిమ్మ ఆకుల అంచులు మాడతాయి. అక్కడ కొబ్బరీ సపోటా ఓర్చుకుంటాయి.

ఎప్పుడు నాటాలి? మెరకలో మృగశిర, ఆరుద్ర కార్తెలు బాగుంటాయి. పల్లపు దొడ్లో మాత్రం వరదల రోజులు పోనిచ్చి కార్తికంలో నాటడమే మంచిదని మా అభిప్రాయం. అయితే అవి తుఫాను రోజులు కూడా. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో కాపుకొచ్చిన కొబ్బరి చెట్లే కూలాయి, అంటు మొక్క ఎంత? రెండు ఊతకర్రలు పాతి, పురికొసను ఎనిమిది అంకెలా వేసి వదులుగా కట్టండి. వేసవిలో కాలువలు కట్టేస్తారు కాబట్టి ఆ రెండు నెలలూ వారానికి రెండుసార్లు బిందెడు నీళ్లు ఎక్కణ్ణుంచి తేవాలో ముందే చూసుకోండి.

మొక్క నిలదొక్కుకున్నాక అతుకు మీది ప్లాస్టిక్ టేపును బ్లేడుతో మెల్లగా చీల్చండి, లేకపోతే మొదలు లావెక్కేకొద్దీ ఉరిలా బిగుసుకుంటుంది. పదిహేను రోజులకోసారి అతుకు కింద చూస్తూ ఉండండి. అక్కడ వచ్చే చిగురు టెంక మొక్కది. బలంగా, నిగనిగలాడుతూ పైకొస్తుంది. చూసి మురిసి వదిలేస్తే రెండేళ్లలో పై కొమ్మను ఎండగట్టి తానే చెట్టవుతుంది, చివరికి పీచు కాయ కాస్తుంది. లేతగా ఉన్నప్పుడే వేలితో మొదలంటా గిల్లేయండి. కత్తెరతో పైపైన కోస్తే మిగిలిన మోడు నుంచి మళ్లీ రెండు చిగుళ్లు పుడతాయి.