భాష మారినచోట గడువు తెగుతుంది: అసింక్ ఆర్‌పీసీపై చర్చ

వ్యాఖ్యాత: ఒక సర్వీసు గోలో, ఇంకొకటి పైథాన్‌లో, మూడోది జావాలో. ఒక సర్వీసు ఇంకోదాన్ని నెట్‌వర్క్ మీద ఫంక్షన్‌లా పిలిచే ఆర్‌పీసీ కాల్స్‌కి జీఆర్‌పీసీ, వాటిలో వెళ్లే డేటా రూపానికి ప్రోటోబఫ్ ఉన్నాయి. ఇంకా చిక్కెక్కడ?

బ్యాకెండ్ ఇంజినీరు: డేటా సంగతి ప్రోటోబఫ్ చూసుకుంటుంది. చిక్కంతా టైముతోనే. జీఆర్‌పీసీలో మనం డెడ్‌లైన్ పెట్టకపోతే గడువే ఉండదు. అవతలి సర్వీసు మొరాయిస్తే ఇవతల కాల్స్ పేరుకుపోయి మెమరీ నిండిపోతుంది.

వ్యాఖ్యాత: పెడితే సరిపోతుందా మేడమ్?

సిస్టమ్స్ ఇంజినీరు: మొదటి కాల్ వరకే. గో సర్వీసు 800 మిల్లీసెకన్లు ఇచ్చి పైథాన్‌ని పిలిచిందనుకోండి. కాల్‌తోపాటు హెడర్‌లో వెళ్లేది ఎంతసేపన్నదే, ఎన్ని గంటలకన్నది కాదు. అందుకే రెండు మెషీన్ల గడియారాలు కలవకపోయినా ఫర్వాలేదు. పైథాన్ 300 వాడేసి జావాని పిలిస్తే 500 మించి ఇవ్వకూడదు. గోలో వచ్చిన కాంటెక్స్ట్‌నే, అంటే గడువు లాంటి కాల్ వివరాలు మోసే ఆబ్జెక్ట్‌నే, ముందుకు పంపితే మిగిలిన గడువూ దాంతోపాటే వెళ్తుంది. పైథాన్‌లో అలా వెళ్లదు. మిగిలిన టైము అడిగి తెలుసుకుని, తర్వాతి కాల్‌కి మనమే టైమవుట్‌గా ఇవ్వాలి. జావాలో వెళ్తుంది గానీ, పనిని వేరే థ్రెడ్ పూల్‌కి (పనుల కోసం సిద్ధంగా ఉంచిన థ్రెడ్ల గుంపుకి) అప్పగించేటప్పుడు దానికి కాంటెక్స్ట్‌ని చుట్టి, అంటే వ్రాప్ చేసి, ఇవ్వకపోతే అక్కడే తెగిపోతుంది.

బ్యాకెండ్ ఇంజినీరు: పైథాన్‌లో ఇంకో ప్రమాదం కూడా ఉంది. అసింక్ ఫంక్షన్‌లో, అంటే జవాబు కోసం ఎదురుచూసేటప్పుడు మిగతా పనుల్ని సాగనిచ్చే ఫంక్షన్‌లో, జవాబు వచ్చేదాకా కదలని మామూలు బ్లాకింగ్ డేటాబేస్ డ్రైవర్ వాడారంటే, ఆ క్వెరీ ముగిసేదాకా ఈ పనులన్నిటినీ వంతులవారీగా నడిపే ఈవెంట్ లూప్ మొత్తం ఆగిపోతుంది. దాని మీదున్న మిగతా కాల్స్ కూడా ఏ తప్పూ లేకుండా గడువు దాటేస్తాయి.

వ్యాఖ్యాత: గడువు దాటాక రీట్రై చేయొచ్చా, అంటే అదే కాల్ మళ్లీ పంపొచ్చా?

బ్యాకెండ్ ఇంజినీరు: ఊరికే చేయకండి! స్టేటస్ కోడ్ 4 వచ్చిందంటే గడువు దాటిందనే గానీ, పని జరగలేదని కాదు. చెల్లింపు కాల్ అయితే, డబ్బు కట్ అయిపోయి, జవాబు మాత్రమే అందకపోయి ఉండొచ్చు. క్లయింట్ ఒక యూయూఐడీని (ఇంకోదానితో కలవని గుర్తింపు సంఖ్యని) కీగా తయారుచేసి, ప్రతి రీట్రైలో అదే పంపాలి. సర్వర్ ఆ కీని డేటాబేస్‌లో ఒకే విలువ రెండుసార్లు ఒప్పుకోని యూనిక్ కాలమ్‌లో, డబ్బు కట్ చేసే ట్రాన్సాక్షన్‌లోనే రాయాలి. కీ విడిగా రాస్తే రెండింటి మధ్య క్రాష్ అయినప్పుడు మళ్లీ మొదటికే వస్తాం.

వ్యాఖ్యాత: పనికే పది నిమిషాలు పడితే?

సిస్టమ్స్ ఇంజినీరు: కాల్ తెరిచి ఉంచొద్దు. పనిని డేటాబేస్‌లో నమోదుచేసి, వెంటనే ఆపరేషన్ ఐడీ ఇచ్చేయండి. స్టేటస్‌కి వేరే కాల్ పెట్టండి. ఆ ఐడీ స్ట్రింగ్‌గానే ఉండాలి. 64 బిట్ల పూర్ణాంకాన్ని జావాస్క్రిప్ట్ మామూలు నంబరుగా చదివితే 9007199254740991 దాటాక అంకెలు మారిపోవచ్చు. అప్పుడు ఒకరి పని స్టేటస్ ఇంకొకరికి కనిపించొచ్చు.