బిడ్డ మళ్ళీ రాలేకపోతే: బెంజమిన్ వార్ఫ్ పరిశోధన

సభకు నమస్కారం.

పిల్లల న్యూరోసర్జన్, అంటే మెదడు శస్త్రవైద్యుడు, బెంజమిన్ వార్ఫ్ పరిశోధన గురించి చెప్పే ముందు, ఆయన దగ్గరికి తీసుకొచ్చిన బిడ్డలు ఎలా ఉండేవారో చెబుతాను. మెదడు గదుల్లో ఊరే నీరు పోయే దారి లేక పేరుకుపోవడాన్ని హైడ్రోసెఫలస్ అంటారు. నెలల బిడ్డకు పుర్రె ఎముకలు ఇంకా అతుక్కోవు గనుక తల పెరుగుతూనే పోతుంది. మాడు మీద వేలు ఆనిస్తే బిగుతుగా తగులుతుంది, నెత్తిమీద నరాలు తేలతాయి, కనుగుడ్లు కిందికి వాలి నల్లగుడ్డు పైన తెల్లటి గీత కనిపిస్తుంది. వైద్యులు దీన్ని అస్తమించే సూర్యుడితో పోల్చారు. కన్నతల్లికి ఆ పోలిక తోస్తుందని నేను అనుకోను.

1956లో ఫిలడెల్ఫియాలో జాన్ హోల్టర్ అనే యంత్ర నిపుణుడు, ఈ జబ్బు బారిన పడిన తన కొడుకు కోసం ఒక కవాటం తయారుచేశాక, షంట్ వైద్యం నిలదొక్కుకుంది. ఈ వైద్యంలో మెదడులోని నీటిని చర్మం కింద గొట్టం ద్వారా ఇప్పుడు ఎక్కువగా పొట్టలోకి మళ్ళిస్తారు. అది ప్రాణాలు నిలిపే పరికరమే. అయితే అమర్చిన మొదటి ఏడాదిలోనే 100లో సుమారు 40 మూసుకుపోవడమో, చీము పట్టడమో, మరో రకంగా పాడవడమో జరుగుతుంది. శస్త్రవైద్యుడు అందుబాటులో ఉంటే మళ్ళీ ఆపరేషన్ చేస్తాడు. లేకపోతే ఆ బిడ్డ గతేమిటి?

2000లో అమెరికా నుంచి కుటుంబంతో ఉగాండా వెళ్ళి, ఎంబాలె పట్టణంలో క్యూర్ పిల్లల ఆసుపత్రి మొదలుపెట్టడంలో పాలుపంచుకున్న వార్ఫ్ ఎదుట ఈ ప్రశ్న రోజూ నిలిచింది. మెదడు గదుల్లో ఒకటైన మూడవ జఠరిక అడుగున ఉన్న పల్చటి పొరకు ఎండోస్కోప్‌తో, అంటే లోపలికి చూపే సన్నటి గొట్టంతో, రంధ్రం పెట్టి నీటికి లోపలే దారి చేసే పద్ధతి అప్పటికే ఉంది. ఏడాదిలోపు పసిపిల్లల్లో మాత్రం అది తరచు విఫలమయ్యేది. నీటిని ఊరించే కోరాయిడ్ ప్లెక్సస్ అనే కణజాలాన్ని తొలగించాలని అమెరికన్ శస్త్రవైద్యుడు వాల్టర్ డాండీ 1918లోనే ప్రయత్నించాడు. వార్ఫ్ ఆ రెండు ఆలోచనలనూ కలిపి, ఒకే ఆపరేషన్‌లో వంగే ఎండోస్కోప్‌తో రంధ్రమూ పెట్టి, ఆ కణజాలాన్నీ కాల్చాడు. 2005లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఏడాదిలోపు పిల్లల్లో రంధ్రం ఒక్కటే పెడితే 47 శాతం, రెండూ చేస్తే 66 శాతం విజయం దక్కింది.

నా దృష్టిలో ఆయన గొప్పతనం ఆ 66లో లేదు. తన పద్ధతి మీద తానే ముచ్చటపడి ఆగకుండా, దాన్ని షంట్‌కు ఎదురుగా నిలబెట్టి పరీక్షించడానికి ఒప్పుకున్నాడు. టొరంటోకు చెందిన అభయ కులకర్ణి నాయకత్వంలో, ఇన్ఫెక్షన్ తరువాత హైడ్రోసెఫలస్ వచ్చిన 100 మంది ఉగాండా పసిపిల్లలను యాదృచ్ఛికంగా రెండు వర్గాలుగా విభజించి, ఏడాది తరువాత వారి మానసిక వికాసాన్ని కొలిచారు. 2017లో వెలువడిన ఫలితంలో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కొత్త పద్ధతి గెలవలేదన్న మాట నిజమే. కాని జీవితాంతం గొట్టం మీద ఆధారపడకుండానే అదే ఫలితం అందుతుందంటే, ఆసుపత్రి దూరమైన కుటుంబానికి అది చిన్న సంగతి కాదు.

ఇక అసలు చిక్కు కారణం దగ్గర ఉంది. ఎంబాలెలో చూసిన మొదటి 300 మంది పిల్లల్లో దాదాపు 60 శాతానికి ఈ జబ్బు మెదడు ఇన్ఫెక్షన్ వల్ల వచ్చిందని, వారిలో చాలామందికి ఆ జ్వరం పుట్టిన నెలలోపే సోకిందని వార్ఫ్ 2005లోనే రాశాడు. మరి ఏ సూక్ష్మజీవి? సూక్ష్మజీవిని పెంచి చూసే సాధారణ కల్చర్ పరీక్షల్లో అది పట్టుబడేది కాదు. స్టీవెన్ షిఫ్ అనే మరో పిల్లల న్యూరోసర్జన్ బృందం ఎంబాలె సహచరులతో కలిసి పిల్లల మెదడు ద్రవంలోని డీఎన్‌ఏను చదివి, ఇన్ఫెక్షన్ తరువాత జబ్బుపడిన వారిలో పీనిబాసిల్లస్ అనే బాక్టీరియా జాడలను 2020లో ప్రకటించింది. అంతకు ముందే, వర్షపాతానికీ ఈ కేసుల రాకకూ సంబంధం ఉందని వాళ్ళు ఉపగ్రహ సమాచారంతో చూపారు.

తల పెరిగాక ఏ ఆపరేషన్ చేయాలన్న ప్రశ్నతో మొదలైన పని, ఇలా పుట్టిన మొదటి వారాల్లో బిడ్డకు వచ్చే జ్వరం దాకా వెనక్కి నడిచింది. ఆ జ్వరానికి ఏ మందు, ఎప్పుడు ఇవ్వాలన్నది ఇప్పుడు శస్త్రవైద్యుడితో పాటు సూక్ష్మజీవ శాస్త్రవేత్త, ప్రసూతి వార్డులోని నర్సు కూడా కలిసి తేల్చవలసిన పని.