స్టెల్లైట్ 6 రాడ్డు రివ్యూ: బాయిల్డ్ రైస్ మిల్లుల ఏడ పనికొస్తది, ఏడ పైసలు దండగ

అన్నలూ తమ్ముళ్లూ నమస్తే, మిర్యాలగూడ నుంచి మాట్లాడుతున్న. ఇయ్యాల టేబుల్ మీద ఉన్నది స్టెల్లైట్ 6 రాడ్డు, అంటే అరిగే పార్టుల మీద గట్టి పొర ఎయ్యనీకి వాడే వెల్డింగ్ రాడ్డు, టిగ్ (కరెంటుతోటి చేసే వెల్డింగ్)కూ నడుస్తది గ్యాస్ వెల్డింగ్‌కూ నడుస్తది, ప్యాకెట్ మీద ఈఆర్‌కోసీఆర్-ఏ అని గ్రేడ్ ఉంటది అది చూస్కొని తీస్కోండి. దీని రేటు చెప్పంగనే మన మిల్లు ఓనర్లు "ఎందుకన్నా, స్టెయిన్‌లెస్ రాడ్డు కొట్టు నడుస్తది" అంటరు, ఆళ్ల కోసమే ఈ వీడియో.

ఇందుల సగానికి పైన కోబాల్టే, 28 శాతం దాకా క్రోమియం, 4-5 శాతం టంగ్‌స్టన్, కార్బన్ 1 శాతం కంటె జర ఎక్కువ. ఆ కార్బన్ క్రోమియంతోటి కలిసి కార్బైడ్లు అయితయి, అరుగుడు ఆపేది అవే, వాటి నడుమున్న కోబాల్ట్ ఏమో రుద్దుకుంటున్న కొద్దీ ఇంకా గట్టిపడ్తది. అమెరికాల ఎల్వుడ్ హేన్స్ అనే ఆయన 1907లనే కోబాల్ట్ క్రోమియం మిశ్రమానికి పేటెంట్ తీస్కున్నడు, టంగ్‌స్టన్ తర్వాత కలిపిండు.

హార్డ్‌నెస్ రాక్‌వెల్ సీ (గట్టిదనం కొలిచే స్కేలు) మీద 40 అటుఇటు వస్తది. గంతేనా, మా హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీలు) టూలు 60 దాటుతది గదా అంటరు కొందరు. నిజమే, కానీ దీని గొప్పతనం చల్లగున్నప్పుడు కాదు, 500 డిగ్రీల కాడ గూడ చాలామట్టుకు గట్టిగనే ఉంటది, తుప్పు పట్టది, ఇనుముకు ఇనుము రుద్దుకున్నా పట్టేస్కోదు, అంటే అతుక్కొని బిగుసుకోదు.

ఇగ మన మిల్లుల సంగతి. ఊక బాయిలర్ నుంచి వడ్ల ట్యాంకులకు పోయే స్టీమ్ లైన్ల గ్లోబ్ వాల్వ్‌ను మనోళ్లు సగం తెరిచి పెడ్తరు, ఆ సందుల నుంచి తడి స్టీమ్ జోరుగ పోయి సీటు (వాల్వ్ మూసే డిస్క్ వచ్చి ఆనే చోటు) మీద గీతలు కోస్తది, ఒక్కసారి గీత పడ్డదంటె వాల్వ్ ఎంత బిగించినా లీకే, ఊక ఎక్కువ కాల్తది. స్టెయిన్‌లెస్ సీటు మీద స్టెయిన్‌లెస్ డిస్క్ అయితే ఆ లీకుకు తోడు పట్టేసుడు కూడ. ఈడ స్టెల్లైట్ పైసా వసూల్, అందుల నాకు ఏ అనుమానం లేదు. దామరచర్ల కాడ యాదాద్రి థర్మల్ ప్లాంటు 4000 మెగావాట్లది, గసొంటి పెద్ద ప్లాంట్లల్ల వాల్వ్ సీట్లకే కాదు, స్టీమ్ టర్బైన్ల చివరి వరుస బ్లేడ్ల అంచులకు కూడ స్టెల్లైట్ వాడుడు పాత పద్ధతే, నీటి బొట్లు కొట్టి అంచు తినకుండ.

స్టెల్లైట్ పొర పెట్టుడే అసలు పని. జాబ్‌ను ముందుగాల వేడి చెయ్యాలె, గ్యాస్ అయితే ఎసిటిలీన్ ఎక్కువున్న మంట పెట్టాలె, ఆఖర్న బూడిదల పూడ్చి మెల్లగ సల్లార్చాలె, తొందరపడి గాలికి వదిలితే బీటలు వస్తయి. కింద ఇనుము ఎక్కువ కరిగి కలిస్తే పైన ఉన్నది పేరుకే స్టెల్లైట్, అందుకే టిగ్‌ల కరెంటు తక్కువ పెట్టి రెండు పొరలు ఎయ్యాలె. గ్రైండింగ్, లాపింగ్ (రుద్ది నున్నగ చేసుడు) అయినంక బీటలల్లకు దిగే ఎరుపు డై కొట్టి బీటలు చూడకుండ మాత్రం ఇయ్యకండి.

రాడ్డు అసలుదా కాదా అంటే అయస్కాంతం దగ్గర పెట్టండి, గట్టిగ పట్టుకుంటె అనుమానించాలె.

ఇగ ఏడ వద్దంటే, మట్టపల్లి, మేళ్లచెరువు దిక్కు సిమెంటు ఫ్యాక్టరీల క్రషర్ హామర్లకు వద్దు, రాయి దెబ్బకు మాంగనీస్ స్టీలో హై క్రోమో మంచిది. ఊక గుంజే బ్లోయర్ బ్లేడ్లకు గూడ వద్దు, ఆడ వేడి లేదు, క్రోమియం కార్బైడ్ రాడ్డు చాలు, రేటు బాగ తక్కువ. అణు రియాక్టర్లల్ల గూడ దీన్ని తగ్గిస్తరు, ఎందుకంటే అరిగిన కోబాల్ట్ న్యూట్రాన్లు తగిలి కోబాల్ట్ 60 అయితది, దాని రేడియేషన్ సగం కావడానికే 5 ఏండ్లకు పైన పడ్తది, గందుకే ఆళ్లు కోబాల్ట్ లేని ఇనుము మిశ్రమాలు తయారు చేస్కున్నరు.

గ్రైండింగ్ కాడ కూసునే పిల్లలకు మంచి మాస్క్ ఇయ్యండి, మూతికి రుమాలు కట్టుకుంటె సరిపోదు, కోబాల్ట్ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. మిగిలిన రాడ్డు ముక్కలు ఇనుప తుక్కుల కలపకండి, వేరే పెట్టి కోబాల్ట్ తీస్కునేటోళ్లకు అమ్మండి.