బీపీ బాగానే ఉన్నా...

శ్రోతలకు నమస్కారం.

బైక్ మీద నుంచి పడిన కుర్రాణ్ణి క్యాజువాలిటీకి తీసుకొస్తారు. లేచి కూర్చుంటాడు, మాట్లాడతాడు. పైకి పెద్ద గాయం కనబడదు. బీపీ పై అంకె 110, హిమోగ్లోబిన్ 13. "బాగానే ఉన్నాడు కదండీ, ఇంటికి తీసుకెళ్లొచ్చా?" అంటారు వాళ్ల నాన్న. డాక్టర్లకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇలాంటి కుర్రాడే. లోపల ఎడమ పక్కటెముకల కింద ఉండే ప్లీహం (స్ప్లీన్) చిట్లి, కడుపులోకి రక్తం కారుతూ ఉండవచ్చు.

పెద్దవాళ్ల ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. అందులో లీటరు పోయినా, వయసులో ఉన్నవాళ్ల శరీరం రక్తనాళాలను బిగించి, గుండె వేగం పెంచి బీపీని నిలబెడుతుంది. మరి హిమోగ్లోబిన్ ఎందుకు తగ్గలేదు? గిన్నెలో పప్పుచారు సగం ఒలికిపోయినా మిగిలినదాని ఉప్పదనం మారదు కదా! నీళ్లు కలిస్తేనే చప్పబడుతుంది. రక్తమూ అంతే. ఒంట్లోని నీరు నాళాల్లోకి చేరాకో, సెలైన్ ఎక్కించాకో గానీ ఆ అంకె దిగదు.

లోపలి నష్టాన్ని దాచకుండా చెప్పేది రక్తంలోని లాక్టేట్ అనే పదార్థం. రక్తం తగ్గి ఆక్సిజన్ అందకపోతే, కణాలు ఆక్సిజన్ లేకుండానే గ్లూకోజ్‌ని వాడుకుని బతకాలని చూస్తాయి. అప్పుడు లాక్టేట్ పేరుకుంటుంది. వైద్యంలో షాక్ అంటే ఈ స్థితే. మణికట్టు దగ్గర ధమని నుంచి కొంచెం రక్తం తీసి ఏబీజీ మిషన్‌లో, అంటే ధమని రక్తంలోని వాయువులను, ఆమ్లాన్ని కొలిచే యంత్రంలో పెడితే నిమిషాల్లో తెలుస్తుంది. మామూలుగా లాక్టేట్ లీటరు రక్తంలో 2 మిల్లీమోల్స్ లోపు ఉండాలి. 4 దాటిందంటే పరిస్థితి తీవ్రం. రక్తంలో ఆమ్లం ఎంత పెరిగిందో చెప్పే బేస్ డెఫిసిట్ కూడా అదే మిషన్ ఇస్తుంది. అది 6 దాటితే రక్తం సిద్ధం చేయమని బ్లడ్ బ్యాంక్‌కు ఫోన్ వెళ్లాల్సిందే.

అయితే మద్యం తాగినా, ఫిట్స్ వచ్చినా, లివర్ జబ్బున్నా లాక్టేట్ పెరుగుతుంది. కాబట్టి ఒక్కసారి చూసి తేల్చేయకూడదు. గంటా రెండు గంటలకు మళ్లీ చూడాలి. చికిత్స చేస్తున్నా దిగడం లేదంటే రక్తం ఇంకా కారుతోందేమోనని వెతకాలి.

2010లో వెలువడిన క్రాష్-2 అధ్యయనంలో 20 వేలకు పైగా క్షతగాత్రులను పరిశీలించారు. రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ దెబ్బ తగిలిన 3 గంటల్లోపు ఇస్తే ప్రాణాలు నిలుస్తాయని తేలింది. అందుకే, దయచేసి, ప్రమాదం ఎన్నింటికి జరిగిందో గుర్తుపెట్టుకుని చెప్పండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే చెప్పండి. కొన్ని బీపీ మందులు గుండె వేగాన్ని పెరగనివ్వవు, వాటి సంగతీ చెప్పండి.

ఆ తండ్రికి డాక్టర్ చెప్పవలసిన జవాబు ఒకటే: "ఇంకో రెండు గంటలు ఉండండి నాన్నగారూ, రక్తం మరోసారి చూస్తాం."