టవర్ దూరంగా ఉంటే మంచిదా? సెల్‌ఫోన్ రేడియేషన్ సంగతి మా కొట్టులోనే చూద్దాం

[కౌంటర్ వెనక నుంచి మాటలు మొదలు]

నమస్కారం అండీ, ఎట్టా ఉండారు? కావలి నుంచి మాట్లాడుతుండా, మన సెల్ రిపేరు కొట్టులో నుంచే. వెనకాల టకటక సౌండ్ వస్తుంటే పట్టించుకోబాకండి, మా పిల్లోడు స్క్రీన్ ఊడదీస్తుండాడు.

పోయిన వారం ఒక పెద్దాయన వచ్చాడు. డిస్‌ప్లే పగిలింది, మార్పించుకున్నాడు. పోతా పోతా, "అబ్బయ్యా, దీంట్లో సిగ్నల్ తీగ కూడా పోయినట్టుంది చూడు, ఇంట్లో మాట వినపడటంలా, డాబా ఎక్కి అరుస్తుండా" అన్నాడు. చూస్తే ఫోన్ నిక్షేపంగా ఉండాది. మాటల్లో అసలు విషయం బయటపడింది. వాళ్ల వీధిలో టవర్ వేస్తామంటే, క్యాన్సర్లు వస్తాయని అందరూ సంతకాలు పెట్టి ఆపించారంట. మొదటి సంతకం ఈయనదే.

ఈయన భయపడింది టవర్‌కి. కానీ టవర్ లేకపోవడం వల్ల చెవి దగ్గర ఏం జరుగుతుందో ఆయనకి ఎవురూ చెప్పలా. ఇప్పుడు అది చూపిస్తా. మీ ఫోన్ కూడా చేతిలోకి తీసుకోండి.

[ఫోన్ స్క్రీన్ దగ్గరగా]

సెట్టింగ్స్‌లోకి పోండి. కింద అబౌట్ ఫోన్ అని ఉంటది, దాంట్లో సిమ్ స్టేటస్. కొన్ని ఫోన్లలో స్టేటస్ అనేదాని లోపల ఉంటది, కాస్త వెతుక్కోండి. అందులో సిగ్నల్ స్ట్రెంత్ పక్కన మైనస్‌తో ఒక అంకె, పక్కన డీబీఎం అని కనపడుతుంది. ఇప్పుడు నేను గుమ్మంలో నిలబడుండా, మైనస్ 82. లోపలికి, స్టోరు గదిలోకి పోతుండా. రేయ్, ఆ షట్టర్ పూర్తిగా దించరా.

[షట్టర్ దిగిన చప్పుడు]

చూడండి. 95... 104... 112 దగ్గర ఆగింది. మైనస్ కాబట్టి అంకె పెరిగే కొద్దీ సిగ్నల్ తగ్గుతున్నట్టు. 82కి 112కి తేడా 30. ఇది మామూలు లెక్క కాదు, ప్రతి 10కి పదింతలు. పది పదులు వంద, వంద పదులు వెయ్యి. గుమ్మం నుంచి ఈడికి పది అడుగులు కూడా లేదు, సిగ్నల్ వెయ్యో వంతుకి పడిపోయింది.

ఇట్టాంటప్పుడు ఫోన్ ఊరికే ఉండదు. అల్లూరు వైపు రొయ్యల చెరువులు చూశారు కదా. పక్కనే ఉన్నోడితో మామూలుగా మాట్లాడతాం. ఆ గట్టు మీదున్నోడిని పిలవాలంటే గొంతు చించుకోవాల. ఫోన్ కూడా అంతే. టవర్ దగ్గరుంటే "చాల్లే, తగ్గించు" అని టవరే దానికి చెప్తది, అది మెల్లగా పంపిస్తది. టవర్ దూరమైతే "గట్టిగా" అంటది. 4జీ ఫోన్ గట్టిగా పంపిందంటే దాదాపు 200 మిల్లీవాట్లు. సిగ్నల్ బాగుంటే అందులో వందో వంతు కూడా అక్కర్లా. ఆ అరుపు అరిచేది ఎక్కడ? మీ చెవికి ఆనించి. టవర్ నుంచి వచ్చేది దూరం పెరిగే కొద్దీ పల్చబడిపోతది. దూరం రెండింతలైతే నాలుగో వంతే. చెవి దగ్గరి ఫోన్‌కి దూరం ఏముంది?

షట్టర్ అట్టే ఉండనీరా. రోడ్డు మీద ఆటోల గోల తగ్గింది, హాయిగా ఉండాది.

సరే, ఆ అరుపు ఒంటికి ఏం చేస్తది? ఎక్స్‌రేల లాగా, గామా కిరణాల లాగా కణంలో డీఎన్‌ఏని తెంచే శక్తి ఈ తరంగాలకి లేదు. ఖాయంగా తెలిసింది ఒకటే, కొద్దిగా వేడి చేస్తాయి. చాలాసేపు మాట్లాడితే చెవి కాలుతుందే, అది చాలావరకు బ్యాటరీ వేడి, రేడియేషన్ అనుకుని బెదిరిపోబాకండి. క్యాన్సర్ మాట 2011 నుంచి గట్టిగా వినపడుతుండాది. ఆ సంవత్సరం ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉండే క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ తరంగాలని 2బి గుంపులో పెట్టింది. అంటే "రావొచ్చేమో, రుజువు పల్చగా ఉంది" అని. కలబంద ఆకు మొత్తం నుంచి తీసే సారం కూడా తర్వాత అదే గుంపులో చేరింది. గుంపు చెప్పేది రుజువు ఎంత బలంగా ఉందో, ప్రమాదం ఎంతో కాదు. ఈ తేడా చెప్పకుండా వాట్సాప్‌లో తిప్పుతారు చూడండి, అది నాకు మంట. 2018లో అమెరికాలో ఎలుకల మీద చేసింది కూడా అట్టనే తిప్పారు. రోజుకి తొమ్మిది గంటలు, రెండేళ్లపాటు, ఒళ్లంతా తగిలేట్టు పెడితే మగ ఎలుకల గుండెల్లో గడ్డలు కనపడ్డాయి. నిజమే. ఆ మగ ఎలుకలే రేడియేషన్ తగలని వాటికంటే ఎక్కువ కాలం బతికాయన్న సంగతి మాత్రం ఎవురూ ఫార్వర్డ్ చెయ్యరు. ఇక మనుషుల మీద జరిగిన 63 పరిశోధనలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అడిగితే కలిపి చూశారు, 2024లో వచ్చింది. మెదడు క్యాన్సర్‌కి, ఫోన్‌కి సంబంధం కనపడలా.

ఇప్పుడు డయలర్ తెరవండి. స్టార్, హ్యాష్, సున్నా, ఏడు, హ్యాష్. కాల్ బటన్ నొక్కే పనిలా, చాలా ఫోన్లలో దానంతటదే వస్తది.

[స్క్రీన్ మీద అంకెలు]

ఇదీ ఎస్‌ఏఆర్ విలువ, 'సార్' అంటారు. ఫోన్ గరిష్ఠంగా పంపినప్పుడు కిలో ఒంటికి ఎన్ని వాట్లు ఇంకుతాయో చెప్పే అంకె. మన దేశంలో 2012 నుంచి 1.6 దాటకూడదు. నాది తలకి 1.09. కొనడానికొచ్చినోళ్లు "0.8 ఉన్నది చూపించన్నా, సేఫ్" అంటారు. అది అట్టా కుదరదు. 0.8 ఫోన్ తీసుకుని సిగ్నల్ లేని చోట చెవికి పెట్టుకుంటే, 1.09 ఫోన్‌తో టవర్ దగ్గర మాట్లాడే దానికంటే ఎక్కువ తగలొచ్చు. అంకె పరీక్షగదిది. వాడకం మీది.

ఒక తప్పు ఒప్పుకోవాల ఈడ. మూడేళ్ల కింద బంగారు రంగు స్టిక్కర్లు వచ్చాయి, ఫోన్ వెనక అంటిస్తే రేడియేషన్ పీల్చేస్తుందని. ఒక్కోటి నూటయాభై. నేను కూడా రెండు నెలలు అమ్మేశా. తర్వాత ఒక అక్క వచ్చి, అంటించినప్పటి నుంచి కాల్స్ కట్ అవుతుండాయి అంది. పీకి చూస్తే లోపల లోహపు రేకు, సరిగ్గా యాంటెన్నా మీద. అంటే ఫోన్ గొంతు నేనే నొక్కేశా, అది ఇంకా గట్టిగా అరవాల్సొచ్చింది. మిగిలిన ముప్పై స్టిక్కర్లు డ్రాయర్లోనే ఉండాయి, ఇదిగో. 2020లో ఆవుపేడ చిప్ అని కూడా వచ్చింది, ఒక ప్రభుత్వ ఆయోగం వేదిక మీదే చూపించారు. రుజువేదని వందల మంది శాస్త్రవేత్తలు అడిగారు.

మరేం చెయ్యాల? ఇట్టాంటి స్టోరు గదిలో, లిఫ్టులో, ఉదయగిరి కొండల దారిలో సిగ్నల్ పాయింట్లు ఒకటీ అరా ఉన్నప్పుడు పొడుగు కబుర్లు పెట్టుకోబాకండి. తప్పదంటే స్పీకర్ పెట్టండి, లేకుంటే వైరు ఇయర్‌ఫోన్. అరడుగు దూరం జరిగినా తేడా వస్తది.

బ్లూటూత్ బడ్స్ సంగతి అడుగుతుండారు పిల్లలు. వాటి పవర్ ఫోన్ గరిష్ఠంలో చిన్న ముక్క. వాటిలో నాకు భయం తరంగం కాదు, సౌండు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ అయితే వారానికి నలభై గంటలు వినొచ్చు. 90 అయితే నాలుగు గంటలే. బస్సులో ఇంజిన్ మోత మీద పాట వినపడాలని పెంచుతారు చూడండి, నాలుగు గంటలు రెండు రోజుల్లో అయిపోతాయి. చెవిలో వెంట్రుక లాంటి కణాలుంటాయి, ఒకసారి పోతే మళ్లీ మొలవవు. దీనికి మాత్రం ఏ వీధిలోనూ సంతకాల సేకరణ జరగలా.

పేస్‌మేకర్ పెట్టించుకున్న పెద్దోళ్లు ఇంట్లో ఉంటే ఇది జాగ్రత్తగా వినండి. చొక్కా ఎడమ జేబులో ఫోన్ వద్దు. పేస్‌మేకర్‌కి ఆరంగుళాలు దూరంగా ఉండాల. మాట్లాడేటప్పుడు అవతలి వైపు చెవికి పెట్టుకోవాల. అయస్కాంతంతో అతుక్కునే ఛార్జర్లు, కవర్లు అసలొద్దు, అయస్కాంతం ఆ మిషన్‌ని వేరే పద్ధతిలోకి మార్చగలదు.

వైఫై డబ్బా రాత్రి ఆపాలా అంటే, ఆపితే కరెంటు మిగులుద్ది. అంతకంటే దిండు కింద ఫోన్ తియ్యండి, నిద్రైనా పడుతుంది.

ఆ, పెద్దాయన మాట మర్చిపోతుండా. మీ ఊళ్లో టవర్ మీద నిజంగా అనుమానం ఉంటే, 2017లో కేంద్రం తరంగ్ సంచార్ అని పోర్టల్ పెట్టింది. మ్యాప్‌లో మీ వీధి పెడితే చుట్టుపక్కల టవర్లు నిబంధనలో ఉండాయో లేదో చూపిస్తది. ఫీజు కడితే కొలిపించుకోవచ్చు. ఇది చూపించి, చెరువు గట్టు కథ చెప్పి, డిస్‌ప్లే డబ్బులు మటుకే తీసుకున్నా. ఆయన కాసేపు ఫోన్ వంక చూసి, "మరి సంతకం వెనక్కి తీసుకోవచ్చా అబ్బయ్యా?" అన్నాడు.

షట్టర్ ఎత్తరా, ఎవురో కొడుతుండారు.