మందు కనిపెట్టారు, మరి అది అందేదెలా?

యాంకర్: నమస్కారం. ఈ మధ్య వచ్చిన వైద్య ఆవిష్కరణల్లో జనానికి నిజంగా పనికొచ్చేవి ఏవో ఈ రోజు మాట్లాడుకుందాం. డాక్టరు గారూ, మీతోనే మొదలుపెడదాం. సికిల్ సెల్ వ్యాధికి జన్యు చికిత్స వచ్చిందంటున్నారు. నమ్మొచ్చా?

డాక్టర్: నమ్మొచ్చు. ఆ వార్త విన్న రోజు నాకు కళ్లు చెమర్చాయి. ఈ జబ్బులో ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయి సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. ఆ నొప్పికి ఒక్కోసారి మార్ఫిన్ కూడా చాలదు. 2023 చివర్లో ముందు బ్రిటన్, తర్వాత అమెరికా క్యాస్‌జెవీ అనే చికిత్సకు అనుమతి ఇచ్చాయి. ట్రయల్‌లో ఫలితం లెక్కించగలిగిన 31 మందిలో 29 మందికి కనీసం ఏడాది పాటు తీవ్రమైన నొప్పి దాడులు రాలేదు.

యాంకర్: అసలు ఏం చేస్తారు ఇందులో?

పరిశోధకుడు: తల్లి కడుపులో ఉన్నప్పుడు మనందరికీ వేరే రకం హిమోగ్లోబిన్ ఉంటుంది. పుట్టిన కొన్ని నెలలకు శరీరం దాన్ని దాదాపు ఆపేస్తుంది. ఆపే పనిలో ముఖ్యపాత్ర బీసీఎల్11ఏ అనే జన్యువుది. పేషెంటు శరీరంలో రక్తాన్ని తయారుచేసే మూలకణాలను బయటికి తీసి, ఆ జన్యువు రక్తకణాల్లో పనిచేయడానికి కావాల్సిన చిన్న భాగాన్ని క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో కత్తిరిస్తారు. దాంతో పసితనపు హిమోగ్లోబిన్ మళ్లీ తయారవుతుంది, కణాలు వంగడం తగ్గుతుంది. జబ్బు తెచ్చిన జన్యువును ముట్టుకోనే లేదు, గమనించారా? నాకు ఇందులో అన్నిటికంటే నచ్చేది అదే.

డాక్టర్: నచ్చాల్సిందే. కానీ ఆ కణాలు తిరిగి ఎక్కించే ముందు ఉన్న మూలుగను కీమోతో ఖాళీ చేయాలి. వారాల తరబడి ఆసుపత్రిలో ఉండాలి. పిల్లలు పుట్టే అవకాశం పోవచ్చు. అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు. ఈ జబ్బు ఎక్కువగా ఉన్న ఆఫ్రికా దేశాల్లో ఇంత సదుపాయం ఉన్న ఆసుపత్రులు ఎన్ని?

ఆరోగ్య కార్యకర్త: నేను చెప్పాలనుకున్నదీ అదేనండీ. మందు ఎంత గొప్పదో అడుగుతారు గానీ, ఎన్నిసార్లు ఇవ్వాలి, ఎవరు ఇవ్వాలి, ఎక్కడ దాచాలి అని ఎవరూ అడగరు. నా దృష్టిలో అదీ ఆవిష్కరణలో భాగమే. హెచ్‌ఐవీ సోకకుండా రోజూ వేసుకునే మాత్రలు 2012 నుంచే ఉన్నాయి. ఆ డబ్బా ఇంట్లో ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనని టెన్షన్. అందుకే చాలామంది మధ్యలో మానేస్తారు. లెనకాపవిర్ అనే కొత్త మందు అయితే ఆరు నెలలకోసారి ఇంజెక్షన్‌గా ఇస్తారు. దక్షిణాఫ్రికా, ఉగాండాలో జరిగిన ట్రయల్ ఫలితాలు 2024లో వచ్చాయి. ఇది తీసుకున్న 2,134 మంది అమ్మాయిల్లో ఒక్కరికీ హెచ్‌ఐవీ సోకలేదు.

యాంకర్: ఒక్కరికీ?

ఆరోగ్య కార్యకర్త: ఒక్కరికీ. అదే ట్రయల్‌లో మాత్రలు ఇచ్చిన వాళ్లలో సోకింది, ఎందుకంటే ఎక్కువమంది వాటిని సరిగా వేసుకోలేదు. 2027 నుంచి 120 దేశాల్లో ఒక్కొక్కరికి ఏడాదికి 40 డాలర్లకే దీని జనరిక్, అంటే అదే మందు చవక రూపం, ఇస్తామని 2025లో ప్రకటించారు. ఆ మాట నిలబడాలని రోజూ కోరుకుంటున్నాను.

యాంకర్: మలేరియా టీకా సంగతి?

ఆరోగ్య కార్యకర్త: ఆర్21 అనే మలేరియా టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 అక్టోబర్‌లో సిఫారసు చేసింది. మామూలు ఫ్రిజ్ చల్లదనం చాలు. కష్టమల్లా నాలుగో డోసుకు పిల్లల్ని మళ్లీ రప్పించడమే.

పరిశోధకుడు: మందు ఎలా ఇవ్వాలన్నదీ ఆవిష్కరణలో భాగమేనని మీరన్నది ఒప్పుకుంటాను. 2025లో పుట్టుకతోనే అరుదైన లివర్ జబ్బు ఉన్న ఒక పసిబిడ్డకు, ఆ ఒక్క బిడ్డ కోసమే, ఆరు నెలల్లో జన్యు మందు తయారుచేశారు. కొవ్వు రేణువుల్లో పెట్టి నరంలోకి ఎక్కించారు. కీమో లేదు.

డాక్టర్: మరి సికిల్ సెల్‌కు కూడా అలా చేయలేరా?

పరిశోధకుడు: ఆ రేణువులు తమంతట తాము లివర్‌కు చేరతాయి మేడమ్. మూలుగ దాకా వెళ్లేలా చేయడమే ఇప్పుడు కష్టం. ల్యాబుల్లో దాని మీదే పనిచేస్తున్నారు.

డాక్టర్: అది కుదిరిన రోజు నా పేషెంట్లకు ఒక సెలైన్ స్టాండ్, ఒక నర్సు చాలు.