ఒక్క వాక్యం చట్టంలో చేరడానికి 34 ఏళ్లు

[దృశ్యం: తిరుపతి, శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ముఖద్వారం]

నమస్కారం. ఈ విశ్వవిద్యాలయం ఏర్పడిన 1983లోనే మన దేశంలో అత్యాచార చట్టానికి పెద్ద సవరణ జరిగింది. దానికి మూలం, మహారాష్ట్రలోని ఒక పోలీసు స్టేషనులో 1972లో తనపై అత్యాచారం జరిగిందని ఒక ఆదివాసీ బాలిక చేసిన ఫిర్యాదు. ఆమె పేరు ఇక్కడ చెప్పను; బాధితురాలి వివరాలు బయటపెట్టడాన్ని నేరం చేసింది కూడా ఆ సవరణే.

ఒంటిమీద గాయాలు లేవు, ప్రతిఘటించిన ఆనవాళ్లు లేవు, కాబట్టి ఇది సమ్మతితో జరిగిందేనని సుప్రీంకోర్టు 1979లో ఇద్దరు పోలీసులనూ నిర్దోషులుగా వదిలేసింది. ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్ సహా నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ఆ ఏడాదే ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. భయంతో లొంగిపోవడం వేరు, సమ్మతించడం వేరు అన్నది దాని సారాంశం. ఒక ఆడపిల్ల వేదనలోంచి చట్టం ఏ మాట దగ్గర తప్పిందో వేలుపెట్టి చూపించడమే ఆ లేఖ బలమని నేను నమ్ముతాను. 1978లో నల్లకుంట పోలీసు స్టేషనులో ఒక మహిళపై పోలీసులే అత్యాచారం చేశారన్న ఆరోపణతో హైదరాబాదు అప్పటికే భగ్గుమని ఉంది; ఈ లేఖతో మహిళా సంఘాలు దేశమంతటా వీధుల్లోకి వచ్చాయి.

[దృశ్యం: తెరపై 114ఎ సెక్షన్]

పోలీసు కస్టడీ వంటి చోట్ల లైంగిక చర్య జరిగినట్టు రుజువై, తాను సమ్మతించలేదని ఆమె కోర్టులో చెబితే, సమ్మతి లేదనే న్యాయస్థానం భావించాలని 1983లో సాక్ష్య చట్టంలో 114ఎ సెక్షన్‌గా చేర్చారు. కానీ నిందితుడు పొరుగువాడో బంధువో అయితే ఈ సెక్షన్ అప్పట్లో సాధారణంగా అక్కరకు వచ్చేది కాదు. ఎక్కువ కేసుల్లో నిందితులు అలాంటి తెలిసినవాళ్లే.

2012 డిసెంబరు ఢిల్లీ బస్సు సామూహిక అత్యాచార ఘటన తర్వాత, చట్టంలో మార్పులు సూచించడానికి వేసిన జస్టిస్ వర్మ కమిటీ 29 రోజుల్లో నివేదిక ఇచ్చింది. శారీరకంగా ప్రతిఘటించనంత మాత్రాన సమ్మతించినట్టు కాదని 2013 సవరణ స్పష్టంగా రాసింది. లేఖలోని వాదన అందరికీ వర్తించే చట్టమైంది అప్పుడే.

[దృశ్యం: చిత్తూరు కోర్టు ప్రాంగణం]

ఇప్పుడు చిత్తూరులో ఇలాంటి నేరం జరిగితే తిరుపతి స్టేషనులోనూ ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఎఫ్‌ఐఆర్ నమోదు చేయని పోలీసు అధికారికి ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష పడవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రి అయినా ప్రైవేటుదైనా బాధితురాలికి వెంటనే ఉచితంగా చికిత్స చేయాలి.

అయితే భార్య సమ్మతి లేకపోయినా అది అత్యాచారం కాదంటూ భర్తకు ఇచ్చిన మినహాయింపును తీసివేయాలని వర్మ కమిటీ చెప్పినా, ఐపీసీ స్థానంలో 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్‌లో అది అలాగే ఉండిపోయింది.